ఓడలోకి మన వైన్ సీసా: అనంతపురం నుంచి ఎలా తీసుకెళ్లాలి

క్రూజ్ టికెట్లు ఖాయమైన రాత్రి మా బావమరిది ప్రొద్దుటూరు నుంచి ఫోన్ చేశాడు. వీసా గురించి అడగలేదు, బట్టల గురించి అడగలేదు. "బావా, మన బాటిల్ మనం తీసుకుపోవచ్చునా?" అన్నాడు. సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల ప్రయాణం మాది. నేను, మా ఆవిడ, బావమరిది, మామ, అత్తమ్మ, మొత్తం ఐదుగురం. అత్తమామల పెళ్లయి నలభై ఏళ్లు నిండిన సందర్భం. ఆ రోజు సముద్రం మీద కూర్చుని ఒక మంచి సీసా తెరవాలని వాడి కోరిక. నాకూ నచ్చింది. అప్పటి నుంచి రెండు నెలలు ఈ ఒక్క విషయం మీదే చదివాను, అడిగాను, ఒక పొరపాటు కూడా చేశాను. ఇదంతా మీకు పనికొస్తుందని రాస్తున్నాను.

తీసుకుపోవచ్చు. చాలా ఓడల్లో ఒప్పుకుంటారు. కానీ అనంతపురంలో ఇంటి గడప దాటిన సీసా ఓడలో మీ గదికి చేరాలంటే నాలుగు గేట్లు దాటాలి. మొదటిది రాష్ట్ర సరిహద్దు, రెండోది విమానం, మూడోది ఓడ బయల్దేరే దేశపు కస్టమ్స్, నాలుగోది ఓడ ఎక్కే చోట ఉండే స్కానర్. ఒక్కో గేటుది ఒక్కో రూలు. ఒకచోట తప్పు కానిది ఇంకోచోట తప్పవుతుంది. అందుకే సీసాను ఓడకు ఎంత దగ్గర్లో కొంటే మీకు అంత సుఖం. కింద చెప్పేవన్నీ ఈ మాట చుట్టూనే తిరుగుతాయి.

ముందు "వైన్" అంటే ఏమిటో ఇంట్లో తేల్చుకోండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. మన దగ్గర "వైన్ షాపు" అంటే మందు షాపు. బోర్డు మీద వైన్స్ అని ఉంటుంది, లోపల బ్రాందీ, విస్కీ, రమ్, బీరు ఉంటాయి. అసలు వైన్ ఎక్కడో మూల నాలుగు సీసాలుంటే గొప్ప. కాబట్టి "ఓడలోకి వైన్ తీసుకుపోవచ్చంట" అని మీరు ఇంట్లో చెబితే, పెద్దాయన తనకు అలవాటైన బ్రాందీ ఫుల్ బాటిల్ సర్దుకుంటాడు. మా మామ సరిగ్గా అదే చేశారు. "ఇది కూడా వైన్ షాపులోనే కదప్పా కొన్నది" అన్నారు. ఆయన తప్పు లేదు, మాట అలా స్థిరపడిపోయింది.

ఓడ కంపెనీ దృష్టిలో వైన్ అంటే ద్రాక్ష రసం పులియబెట్టి చేసిన ఎర్ర వైన్, తెల్ల వైన్, గులాబీ రంగు రోజే, ఇంకా బుడగలొచ్చే షాంపేన్. అంతే. బ్రాందీ, విస్కీ, జిన్, వోడ్కా వేటికీ అనుమతి లేదు. బీరుకూ చాలా కంపెనీలు ఒప్పుకోవు. సీసా 750 మి.లీ. మించకూడదు, అంటే మన లెక్కలో ఒక ఫుల్. ఫ్యాక్టరీ సీలు తీయకుండా ఉండాలి. అట్టపెట్టెలో కుళాయితో వచ్చే వైన్ పనికిరాదు. ఇంట్లో ద్రాక్షపళ్లతో చేసుకున్నది ఎంత రుచిగా ఉన్నా ఇంట్లోనే వదిలేయండి.

ఓడ ఎక్కే వాళ్లందరికీ ఈ మాట ఒకేసారి చెప్పండి. ఒక కాగితం మీద తెలుగులో రాసి వాట్సాప్‌లో పెట్టండి. నేను పెట్టాకే మామ బ్రాందీ సీసాను బీరువాలోకి చేర్చారు.

మీ ఓడ రూలు మీరే చదవండి

ఏజెంటు చెప్పిన మాట మీద ఆధారపడొద్దు. కర్నూలైనా, కడపైనా, మన ఊళ్లలో ట్రావెల్ ఏజెంట్లు ఎక్కువగా చూసేది టికెట్టు, వీసా, హోటలు. సీసా సంగతి అడిగితే "ఏం కాదు సార్, తీసుకెళ్లండి" అంటారు. ఓడ దగ్గర ఆ మాట పనిచేయదు. కంపెనీ వెబ్‌సైట్‌లో మద్యం నిబంధనల పేజీ ఉంటుంది. అది తీసి, ఫోన్‌లో ఫొటో పెట్టుకోండి. ఈ రూళ్లు అప్పుడప్పుడు మారతాయి కనుక బుక్ చేసిన రోజు ఒకసారి, బయల్దేరే వారం ముందు ఇంకోసారి చూడండి.

నేను చదివినంతలో పెద్ద ఓడ కంపెనీల పద్ధతులు ఇలా ఉన్నాయి. రాయల్ కరీబియన్‌లో తాగే వయసు వచ్చిన ఒక్కో ప్రయాణికుడికి ఒక 750 మి.లీ. సీసా, అదీ ఓడ ఎక్కే మొదటి రోజు మాత్రమే. కార్నివల్‌లోనూ దాదాపు అంతే, 21 ఏళ్లు దాటిన ఒక్కొక్కరికి ఒక సీసా. ఈ రెండింట్లోనూ సీసా చేతి సంచిలోనే ఉండాలి. ప్రిన్సెస్‌లో ఒక్కొక్కరికి ఒకటి ఉచితం, ఆపైన తెచ్చే ప్రతి సీసాకూ రుసుము కట్టాలి. నార్వీజియన్ పద్ధతి వేరు. ఎన్ని సీసాలైనా తెచ్చుకోవచ్చు, కానీ గదిలో తాగినా సరే ప్రతి 750 మి.లీ. సీసాకూ 15 డాలర్లు కట్టాలి. డిస్నీ కాస్త ఉదారంగా ఉంటుంది. పెద్దవాళ్లు ఒక్కొక్కరు రెండు వైన్ సీసాలు లేదా ఆరు బీర్లు ఎక్కేటప్పుడే కాకుండా మధ్యలో ఆగే రేవుల్లోనూ తెచ్చుకోవచ్చు.

ముంబయి, చెన్నై వంటి మన రేవుల నుంచి తిరిగే కార్డేలియాలో బయటి మద్యం అసలు తీసుకెళ్లనివ్వరు. కడప వాళ్లకు చెన్నై దగ్గర కనుక చాలామంది మొదట ఎక్కేది ఈ ఓడే. దానికైతే ఈ వ్యాసంలో మిగతాదేదీ మీకు అక్కర్లేదు. సీసా ఇంట్లో పెట్టి హాయిగా వెళ్లండి.

వయసు విషయం ఒకటి. మన రాష్ట్రంలో తాగే వయసు 21. అమెరికా నుంచి బయల్దేరే ఓడల్లోనూ 21. సింగపూర్ నుంచి వెళ్లే రాయల్ కరీబియన్ ఓడల్లో 18. మీ అబ్బాయికి పంతొమ్మిది అయితే సింగపూర్‌లో అతని లెక్కన ఒక సీసా వస్తుంది, అమెరికాలో రాదు. అతని పేరు మీద సీసా పెట్టడం మంచిదా కాదా అన్నది మీ ఇంటి సంగతి. నేనైతే పెట్టను.

ఎక్కడ కొనాలి

అనంతపురంలో కొనొద్దు. దీనికి మూడు కారణాలు. మొదటిది, ఇక్కడ వైన్ రకాలు తక్కువ. రెండోది, ఎండ. వైన్ బ్రాందీ లాంటిది కాదు, వేడికి పాడవుతుంది. మే నెలలో మధ్యాహ్నం కారు డిక్కీలో సీసా పెట్టి హైవే మీద మూడు గంటలు పోతే, లోపలి వైన్ ఉడికినట్టయి కార్కు పైకి తన్నుకొస్తుంది. తెరిచాక ఉడకబెట్టిన పళ్ల వాసన వస్తుంది. ఎంత ఖరీదు పెట్టినా అంతే. మూడోది, ఒక రాష్ట్రం మద్యం ఇంకో రాష్ట్రంలోకి తీసుకెళ్లడంలో ఉండే ఎక్సైజ్ చిక్కులు. మన రాష్ట్రంలోకి బయటి సీసాలు తెచ్చుకోవడానికి ఒకప్పుడు మూడు సీసాల వెసులుబాటు ఉండేది, 2020 అక్టోబరులో ప్రభుత్వం దాన్ని తీసేసింది. కర్ణాటక సరిహద్దులో కొడికొండ చెక్‌పోస్టు దగ్గరో, కర్నూలు వాళ్లకైతే తుంగభద్ర వంతెన దగ్గరో సీసా చేతిలో పెట్టుకుని జవాబు చెప్పే పరిస్థితి ఎందుకు తెచ్చుకోవాలి? ప్రయాణం మొదట్లోనే టెన్షన్.

మరి ఎక్కడ? సింగపూర్ వెళ్లే వాళ్లకు నా లెక్కలో మూడు దారులున్నాయి.

అన్నిటికంటే తేలిక, సింగపూర్‌లో దిగాక కొనడం. ఓడ ఎక్కే ముందు రోజే అక్కడికి చేరుకోండి. ఎలాగూ ఓడ తప్పిపోకుండా ఒకరోజు ముందు వెళ్లడమే మంచిది. సాయంత్రం ఫెయిర్‌ప్రైస్ లాంటి సూపర్‌మార్కెట్‌లో వైన్ వరుసల్లో పేర్చి ఉంటుంది, ధర చూసి తీసుకోవచ్చు. మూడు గేట్లు ఒక్క దెబ్బకు తప్పిపోతాయి. ఒక్కటి గుర్తుంచుకోండి: సింగపూర్‌లో రాత్రి 10:30 నుంచి ఉదయం 7 దాకా బయటికి తీసుకెళ్లే మద్యం అమ్మరు. 2015 నుంచి అమల్లో ఉన్న చట్టం ఇది. రాత్రి భోజనం చేసి తీరిగ్గా పదకొండుకు వెళదాం అనుకుంటే కౌంటర్‌లో వెనక్కి పంపిస్తారు.

రెండో దారి డ్యూటీ ఫ్రీ, అంటే విమానాశ్రయాల్లో పన్ను లేకుండా అమ్మే షాపు. బెంగళూరు విమానాశ్రయంలో ఇమ్మిగ్రేషన్ దాటాక కొనొచ్చు, లేదా సింగపూర్ విమానాశ్రయం చాంగిలో దిగాక కొనొచ్చు. అనంతపురం నుంచి దేవనహళ్లి విమానాశ్రయం సుమారు 180 కిలోమీటర్లు. కర్నూలు వాళ్లకు శంషాబాదు దగ్గర. ఎక్కడ కొన్నా సింగపూర్ కస్టమ్స్ లెక్క తెలిసి ఉండాలి. 18 ఏళ్లు నిండి, సింగపూర్ బయట 48 గంటలకు పైగా గడిపి, మలేషియా నుంచి కాకుండా వస్తున్న వాళ్లకు మొత్తం రెండు లీటర్లు పన్ను లేకుండా వదులుతారు. రెండు లీటర్లూ వైనే తెచ్చుకోవచ్చు. లెక్క వేయండి: రెండు సీసాలంటే ఒకటిన్నర లీటరు, సరిపోతుంది. మూడో సీసా కలిస్తే రెండుంపావు లీటర్లు, గీత దాటింది. గీత దాటితే కస్టమ్స్‌లో ఎర్ర ఛానల్ అనే దారిలోకి వెళ్లి చెప్పి పన్ను కట్టాలి. చెప్పకుండా, పన్ను కట్టాల్సిందేమీ లేని వాళ్ల పచ్చ ఛానల్‌లో నడిచి వెళ్లడం సింగపూర్‌లో చేయకూడని పని. ఎలాగూ ఓడ ఒప్పుకునేది మనిషికి ఒకటే కనుక ఒకటే కొనండి, ఈ లెక్కే అక్కర్లేదు.

మూడో దారి నాకు ఇష్టమైనది, కాస్త శ్రమ ఎక్కువ. దొడ్డబళ్ళాపురం దగ్గర నంది కొండల చాయలో గ్రోవర్ జంపా వారి ద్రాక్షతోట, వైన్ తయారీ కేంద్రం ఉన్నాయి. ద్రాక్ష పెరిగే నేల ఎలా ఉంటుందో, పీపాల్లో వైన్ ఎలా పండుతుందో చూపిస్తారు. ముందుగా ఫోన్ చేసి సమయం తీసుకుని వెళ్లాలి. హిందూపురం, గౌరిబిదనూరు మీదుగా పోతే దొడ్డబళ్ళాపురం దారిలోనే తగులుతుంది, అక్కడి నుంచి దేవనహళ్లి దగ్గరే. మన పక్క నేలలో, మన ఎండకు పండిన ద్రాక్షతో చేసిన సీసా నడిసముద్రంలో తెరవడంలో ఒక తృప్తి ఉంది. అనంతపురం జిల్లాలో ద్రాక్ష పండించే రైతు కుటుంబాల వాళ్లకైతే మరీను. ఇక్కడ కొన్న సీసా నేరుగా విమానాశ్రయానికే వెళుతుంది, మళ్లీ ఆంధ్రలోకి రాదు. బిల్లు మాత్రం పారేయొద్దు.

కడప, రాజంపేట, రాయచోటి వైపు వాళ్లకు ఒక హెచ్చరిక. ఆ ప్రాంతం నుంచి ఎంతమంది కువైట్‌లో ఉన్నారో మనకు తెలుసు. వాళ్లను చూసి వెళదామనో, టికెట్ చవకనో, యూరప్‌కో అమెరికాకో కువైట్ మీదుగా బుక్ చేసుకుంటారు. కువైట్‌లో మద్యం నిషేధం. సౌదీలోనూ అంతే. అక్కడ దిగి సామాను తీసుకుని రెండు రోజులు ఉండి పోయే ప్రయాణమైతే సామానులో ఒక్క చుక్క కూడా ఉండకూడదు. సీసా పోవడం దగ్గర ఆగదు, కేసు దాకా వెళుతుంది. అక్కడ పనిచేసే మన బంధువు మీదికీ అనుమానం రావచ్చు. అలాంటి దారిలో వెళితే సీసాను ఓడ రేవు ఊళ్లోనే కొనండి, ఇంకో ఆలోచన వద్దు.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలకు క్రూజ్ చూపించడం ఇప్పుడు బాగా జరుగుతోంది. డాలస్, హ్యూస్టన్‌లో ఉన్న వాళ్లు గాల్వెస్టన్ రేవు నుంచి ఎక్కిస్తారు. అక్కడ కారులో వెళ్లి ఎక్కడమే కనుక విమానం గొడవ లేదు. కానీ టెక్సాస్‌లో ఆదివారం ఉదయం పది గంటలకు ముందు సూపర్‌మార్కెట్‌లో వైన్ అమ్మరు, మద్యం దుకాణాలు ఆ రోజంతా మూసే ఉంటాయి. మీ ఓడ ఆదివారం అయితే శనివారమే కొని పెట్టుకోండి.

విమానంలో సర్దుకోవడం

డ్యూటీ ఫ్రీ కాని సీసా అంతర్జాతీయ విమానంలో చేతి సంచిలో రాదు. ద్రవాలు 100 మి.లీ. మించకూడదన్న నిబంధన అందరికీ తెలిసిందే. చెకిన్ పెట్టెలో పెట్టాలి. వైన్‌లో ఆల్కహాలు సాధారణంగా 11 నుంచి 15 శాతం ఉంటుంది. 24 శాతం లోపు ఉన్నవాటికి విమానంలో ప్రమాదకర వస్తువుల పరిమితి వర్తించదు. 24 నుంచి 70 మధ్య ఉండే విస్కీ, బ్రాందీలకే మనిషికి 5 లీటర్ల హద్దు. కనుక వైన్ విషయంలో విమానం పెద్ద అడ్డు కాదు, పగలకుండా చూసుకోవడమే పని.

మా ఆవిడ సర్దిన తీరు చెబుతాను. సీసాను మొదట జిప్ కవర్లో పెట్టి గాలి తీసేసింది. పగిలినా లోపలే ఉంటుందని. తర్వాత మామ లుంగీలో రెండు చుట్లు, దానిపైన టవల్. పెట్టె మధ్యలో, నాలుగు వైపులా బట్టలుండేలా. పెట్టె అంచుకు, చక్రాల వైపుకు ఎప్పుడూ పెట్టొద్దు, దెబ్బ అక్కడే తగులుతుంది. తెల్ల చీరలకు, పంచెలకు దూరంగా ఎర్ర వైన్.

డ్యూటీ ఫ్రీలో కొన్నదాన్ని బిల్లు బయటికి కనిపించేలా పారదర్శక సంచిలో సీలు చేసి ఇస్తారు. మధ్యలో విమానం మారేది ఉంటే, చివరి ఊరు చేరేదాకా ఆ సీలు తీయకండి. ఆశపడి తీస్తే తర్వాతి సెక్యూరిటీలో సీసా వదిలేయాల్సి వస్తుంది.

కార్కు తీసే మర చేతి సంచిలో పెట్టొద్దు, దాని మొన చూసి ఆపేస్తారు. అసలు తీసుకెళ్లకపోయినా పర్వాలేదు, గది శుభ్రం చేసే స్టీవార్డును అడిగితే మర, గ్లాసులు ఇస్తారు. నా సలహా అడిగితే, చేత్తో తిప్పి తీసే మూత ఉన్న సీసా కొనండి. మంచి వైన్లు కూడా ఇప్పుడు ఆ మూతతో వస్తున్నాయి.

ఓడ ఎక్కే రోజు

సింగపూర్ మరీనా బే క్రూజ్ సెంటర్‌కు చేరగానే పెద్ద పెట్టెలు బయటే పోర్టర్లు తీసుకుంటారు. అవి సాయంత్రానికి నేరుగా మీ గది ముందుకు వస్తాయి. ఇక్కడే చాలామంది మరిచిపోతారు: ఆ పెట్టెల్లో సీసా వదిలేస్తారు. పెట్టెలన్నీ స్కానర్ గుండా వెళతాయి. సీసా కనిపిస్తే పెట్టె పక్కన పెడతారు, మీరు వెళ్లి తెరిచి చూపించేదాకా గదికి రాదు, రాత్రి భోజనానికి కట్టుకోవాల్సిన బట్టలు అందులోనే ఉంటాయి. కనుక హోటల్లోనే, ట్యాక్సీ ఎక్కకముందే, సీసాను పెట్టెలోంచి తీసి చేతి సంచిలోకి మార్చండి.

ఎవరి సీసా వాళ్ల సంచిలో ఉండాలి. మనిషికి ఒకటి అన్నారు కనుక స్కానర్ దగ్గర కూర్చున్న వాళ్లు సంచికి ఒకటి చూస్తే మామూలుగా ప్రశ్న లేకుండా వదులుతారు. ఒకే సంచిలో నాలుగు కనిపిస్తే ఆపి లెక్క అడుగుతారు.

నేను చేసిన పొరపాటు ఇక్కడిదే. లెక్క సరిచూసుకుని, హోటల్ గదిలో హడావుడిగా ఒక సీసా అత్తమ్మ సంచిలో పెట్టాను. ఆమెకు చెప్పలేదు. ఆమె జీవితంలో మందు ముట్టిన మనిషి కాదు, చెబితే వద్దంటుందని. ఆ సంచిలో వెంకటేశ్వరస్వామి చిన్న పటం ఉంది, బీపీ మాత్రలు ఉన్నాయి, రుమాల్లో కట్టిన కుంకుమ పొట్లం ఉంది. వాటి పక్కన నా సీసా. స్కానర్ దగ్గర ఆపారు. సంచి తెరిచి, అందరి ముందు సీసా బయటికి తీసి, "ఇది మీదేనా?" అని ఇంగ్లీషులో అడిగారు. ఆమెకు ప్రశ్న అర్థమైంది. "నాది కాదు" అని తెలుగులో, తల అడ్డంగా ఊపి చెప్పింది. నిజమే చెప్పింది. తనది కాని వస్తువు సంచిలో ఉందంటే ఏ సెక్యూరిటీ అయినా ఏం చేస్తుంది? ఆమెను పక్కకు నిలబెట్టారు. నేను వెనక్కి పరుగెత్తి, నేను పెట్టానని వివరించి, ఆమె కూడా ఒప్పుకునేసరికి పది నిమిషాలు పట్టింది. చివరికి వదిలేశారు, సీసా కూడా ఇచ్చారు. కానీ ఆ పది నిమిషాలు ఆమె మొహం చూడలేకపోయాను. సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. నేను పైకి వెళ్లి కాళ్లకు దండం పెట్టి క్షమించమని అడిగాను.

దయచేసి ఆ పని చేయకండి. పెద్దవాళ్ల సంచిలో వాళ్లకు తెలియకుండా ఏదీ పెట్టొద్దు. వాళ్లు ఒప్పుకోకపోతే ఆ లెక్క వదిలేయండి. ఒక సీసా తగ్గితే ఏమీ కాదు. ఒప్పుకుంటే మాత్రం, అడిగినప్పుడు ఏం చెప్పాలో ముందే నేర్పండి: సీసా తనదేనని, ఓడ అనుమతించిన ఒక్క సీసా అని. రెండు ముక్కల ఇంగ్లీషు చాలు.

దాచి తీసుకెళ్లే ఉపాయాలు కొందరు చెబుతారు. మౌత్‌వాష్ డబ్బాలో విస్కీ, నీళ్ల సీసాలో వోడ్కా. స్కానర్ దగ్గర కూర్చున్న వాళ్లు రోజుకు వేల సంచులు చూస్తారు, అవన్నీ వాళ్లకు కొత్త కాదు. దొరికితే పారబోస్తారు, డబ్బు వెనక్కి రాదు. వెంట ఉన్న పిల్లలు అది చూస్తారు. అది నాకు అన్నిటికంటే పెద్ద నష్టంగా అనిపిస్తుంది.

పొడుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే స్కానర్ అదే. ఇంట్లో చేసిన చెనక్కాయల పొడి, నిమ్మకాయ ఊరగాయ లాంటి ఇంటి వంటలు చాలా ఓడలు లోపలికి రానివ్వవు. కంపెనీ ప్యాకెట్లలో సీలు ఉన్న తినుబండారాలకు ఇబ్బంది లేదు. మా మామకు ఇది సీసా కంటే పెద్ద బాధ.

ఓడలో తెరిచేటప్పుడు

గదిలో తాగితే చాలా ఓడల్లో డబ్బు లేదు. భోజనాల హాల్లోకి తీసుకెళితే కార్కేజ్ అని ఒక రుసుము ఉంటుంది. మూత తీసి, గ్లాసులు పెట్టి, వడ్డించినందుకు తీసుకునేది. రాయల్ కరీబియన్, కార్నివల్ ఓడల్లో సీసాకు 15 డాలర్లు. డాలరు 90 రూపాయలు వేసుకుంటే 1,350. ఇది దండగ అనిపిస్తుంది కానీ లెక్క చూడండి. సింగపూర్‌లో సీసా 25 సింగపూర్ డాలర్లకు కొన్నారనుకుందాం, మన డబ్బుల్లో సుమారు 1,750. కార్కేజ్ కలిపితే 3,100. ఓడలో అలాంటి సీసాయే 40 అమెరికన్ డాలర్లు ఉందనుకుంటే, దాని మీద 18 శాతం సర్వీసు చార్జి పడి 47 దాటుతుంది, అంటే 4,200 పైన. గదిలో తాగితే సగానికి పైగా మిగులు. హాల్లో తాగినా వెయ్యి మిగులుతుంది.

మేం ఒకటి గదిలో, ఒకటి హాల్లో తెరిచాం. పెళ్లిరోజు సీసాకు కార్కేజ్ కట్టినందుకు నేను బాధపడలేదు. వెయిటర్ తెల్లగుడ్డ చేతికి చుట్టి, మామకు ముందు రుచి చూపించి, ఆయన తలూపాక అందరికీ పోశాడు. ఆయన జీవితంలో అలా ఎవరూ వడ్డించలేదు. అత్తమ్మకు అదే గ్లాసులో నిమ్మరసం సోడా తెచ్చారు. తాగని వాళ్ల గ్లాసు కూడా బల్ల మీద అంతే అందంగా ఉండేలా ముందే చెప్పి పెట్టుకోండి. సీసా మిగిలితే గది నంబరు రాయించండి, మర్నాడు భోజనానికి అదే సీసా తెచ్చి పెడతారు.

చల్లదనం గురించి ఒక మాట. తెల్ల వైన్, షాంపేన్ బాగా చల్లగా ఉండాలి. గదిలో ఉండే చిన్న ఫ్రిజ్ మన ఇంటి ఫ్రిజ్ లాంటిది కాదు, నామమాత్రంగా చల్లబరుస్తుంది. స్టీవార్డును ఐసు బకెట్ అడగండి, సగం ఐసు, సగం నీళ్లు వేసి అరగంట ఉంచండి. ఉత్త ఐసు కంటే నీళ్లు కలిసిన ఐసు సీసాను త్వరగా చల్లబరుస్తుంది. ఎర్ర వైన్‌ను గది వేడిలో తాగాలని చెబుతారు కానీ ఆ మాట చలిదేశాల గదులకు. మనకు అది పావుగంట ఐసులో పెట్టి తీసినా మంచిదే.

మన నాలుక కారానికి అలవాటు పడింది. ఓడలో భారతీయ వంటలు దొరుకుతాయి, వాటితో పాటు ఎర్ర వైన్ తాగితే కారం ఇంకా మండినట్టు, వైన్ వగరుగా, చేదుగా అనిపిస్తుంది. అప్పుడు "ఈ వైన్ బాగలేదు" అనుకుంటాం. వైన్ తప్పు కాదు. కారం తినేటప్పుడు కొంచెం తీపి తగిలే చల్లటి తెల్ల వైన్ పోసుకోండి. రీస్లింగ్, షెనిన్ బ్లాంక్ అని సీసా మీద ఉంటుంది, అందులో తీపి ఉన్న రకం అడిగి తీసుకోండి. ఎర్రదాన్ని మసాలా తక్కువ ఉన్న మాంసం, చీజ్‌తో పెట్టుకోండి. బ్రాందీ తాగినట్టు నీళ్లో సోడానో కలపొద్దు. గుటక వేయకుండా చప్పరించమని మామకు చెప్పాల్సి వచ్చింది, రెండో గ్లాసుకు ఆయనే మాకు చెబుతున్నారు.

సముద్రం ఊగి కడుపులో తిప్పితే చాలామంది అవోమిన్ లాంటి మాత్రలు వేసుకుంటారు. అది వేసుకున్న రోజు వైన్ ముట్టొద్దు. రెండూ కలిస్తే మత్తు, నిద్ర ఎక్కువై మెట్ల మీద పడిపోయే ప్రమాదం ఉంది. షుగరు, బీపీ మాత్రలు వాడే వాళ్లు ఊరు దాటకముందే మీ డాక్టరును ఒక మాట అడగండి.

రేవుల్లో దిగినప్పుడు కొనే సీసాల సంగతి: పినాంగ్‌లోనో, ఫుకెట్‌లోనో కొని ఎక్కితే చాలా కంపెనీలు గేటు దగ్గర తీసుకుని చీటీ ఇస్తాయి. చివరి రోజు తిరిగి ఇస్తారు. మధ్యలో తాగడానికి కాదు, ఇంటికి తీసుకెళ్లడానికే.

చివరి రాత్రి, తెరవని సీసా మిగిలితే ఆలోచించండి. ఓడ ఆఖరున ఆగింది మలేషియా రేవు అయితే, సింగపూర్‌లో దిగేటప్పుడు ఇందాక చెప్పిన రెండు లీటర్ల మినహాయింపు మీకు రాదు, పన్ను కట్టాలి. కనుక మా బావమరిది సలహా పాటించి ఆ రాత్రే తెరిచేశాం. తెరిచిన సీసాలో మిగిలింది గదిలోనే వదిలేయండి, మూత బిగించినా పెట్టెలో కారుతుంది. ఇంటికి ఏదైనా తెచ్చుకోవాలంటే చాంగిలో తిరుగు విమానం ఎక్కే ముందు కొనండి. భారత కస్టమ్స్ మనిషికి రెండు లీటర్లు పన్ను లేకుండా వదులుతుంది. దేవనహళ్లి నుంచి అనంతపురం వచ్చే దారిలో మాత్రం కొడికొండ ఉంది. డ్యూటీ ఫ్రీ బిల్లు, బోర్డింగ్ పాసు దగ్గర పెట్టుకోండి. బయల్దేరకముందే మన ఊరి ఎక్సైజ్ స్టేషన్‌లో ఇప్పటి నిబంధన ఏమిటో అడిగి తెలుసుకుని వెళ్లండి.